బొటనవేలు పక్కకి వాలితే

మార్గశిరం వచ్చిందంటే ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వీధుల్లో లక్ష్మివారం తెల్లారేసరికి గుమ్మాల ముందు తెల్లటి పాదాలు వెలుస్తాయి. బియ్యప్పిండిని నీళ్ళలో జారుగా కలిపి చేత్తో వేసే ఆ ముగ్గుని ఒడియావాళ్ళు ఝోటి అంటారు. పక్కింటి తెలుగువాళ్ళూ లక్ష్మీదేవి లోపలికి నడిచి వస్తున్నట్టు అవే పాదాలు వేస్తారు. ఆ బొమ్మలో పాదం మడమ దగ్గర సన్నం, వేళ్ళ దగ్గర వెడల్పు. ఐదు వేళ్ళూ దేనికది విడిగా ఉంటాయి. అదే గుమ్మం పక్కన విడిచిన జోళ్ళ వంక చూస్తే ఆకారం తిరగబడి కనిపిస్తుంది. పెళ్ళిళ్ళకీ ఆఫీసుకీ కొన్న జతల్లో సరిగ్గా వేళ్ళుండే చోటే ఇరుకు.

ఈ తేడా అంతా కాలే సర్దుకోవాలి. సర్దుకుని సర్దుకుని కొందరికి బొటనవేలు పక్కవేలి మీదికి వాలుతుంది. దాని మొదట్లో, పాదం లోపలి అంచున ఒక బుడిపె లేస్తుంది. చెప్పు పట్టీ తగిలితే మండుతుంది, సాయంత్రానికి ఎర్రబడుతుంది. పెళ్ళైన ఆడవాళ్ళకి ఇంకో చిక్కు కూడా ఉంది. వాలిన బొటనవేలు రెండో వేలికున్న మెట్టెని రోజంతా ఒత్తుతూ ఉంటుంది. మెట్టె అంచు కింద చర్మం ఒరుసుకుపోయి, తడి చేరి, పగులుతుంది. చాలామంది డాక్టరుకి ముందు చూపించేది ఆ పుండునే, బుడిపెని కాదు.

ఇంగ్లీషులో దీన్ని బనియన్ అంటారు. తెలుగువాళ్ళకి బనియన్ అంటే చొక్కా కింద తొడుక్కునేదే కాబట్టి ఆ పేరు మన దగ్గర అతకడం కష్టం. డాక్టర్లు రాసే పేరు హాలక్స్ వాల్గస్. హాలక్స్ అంటే బొటనవేలు, వాల్గస్ అంటే బయటివైపుకి వాలినది. 19వ శతాబ్దంలో జర్మన్ సర్జన్ కార్ల్ హ్యూటర్ పెట్టిన పేరిది. అంతకు ముందు దీన్ని ఎక్కువగా పైన పెరిగిన గడ్డగానే చూసేవారు. ఇళ్ళల్లో ఇప్పటికీ అదే అభిప్రాయం. "ఎముక పెరిగింది" అంటారు, లేదంటే "వాతం దిగింది" అంటారు.

ఆంధ్రా-ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఈ పేర్ల గొడవ చిన్నదేం కాదు. నొప్పి తెలుగులో పుడుతుంది, ఓపీలో ప్రశ్న ఒడియాలో వస్తుంది, చీటీ మీదికి ఇంగ్లీషులో దిగుతుంది. వేలి దగ్గర "గంఠి" ఉందని ఒడియాలో చెబితే, ఆ మాటకి ముడి అనీ, కీలు అనీ రెండర్థాలూ ఉన్నాయి. గంఠివాతం అంటే కీళ్ళవాతం. మాట కొంచెం జారితే బుడిపె కాస్తా వాతమై కూర్చుంటుంది, దాని మందులు మొదలవుతాయి. పేరు పెట్టకుండా "బొటనవేలు పక్కకి పోయింది, ఇక్కడ పొడుచుకొచ్చింది, చెప్పు తగిలితే నొప్పి" అని చెప్పులు విప్పి, రెండు కాళ్ళూ చూపించి చెప్పడమే మేలు. మామూలుగా వేసుకునే చెప్పుల జత కూడా పట్టుకెళ్తే ఇంకా మంచిది. ఎక్కడ అరిగిందో, ఎక్కడ ఉబ్బిందో అదే చెబుతుంది.

లోపల జరిగేది

పొడుచుకొచ్చింది కొత్తగా పెరిగిన ఎముక కాదు. పాదం మధ్యలోంచి బొటనవేలి దాకా ఒక పొడుగాటి ఎముక వస్తుంది. దాని తలకి వేలు కీలుగా అతుక్కుని ఉంటుంది. ఆ పొడుగాటి ఎముక క్రమంగా రెండో పాదం వైపుకి జరుగుతుంది, వేలేమో చిటికెన వేలి వైపుకి వాలుతుంది. రెండూ కలిసేచోట ఒక మడత వస్తుంది. చెయ్యి మడిస్తే మోచేతి కొన ఎలా పొడుచుకొస్తుందో ఇక్కడా అంతే. మోచేతి కొనని చూసి ఎముక పెరిగిందని ఎవరూ అనరు కదా. పైన చర్మం చెప్పుకి రాసుకున్నకొద్దీ అడుగున చిన్న నీటిసంచి వాచి బుడిపె ఇంకొంచెం పెద్దగా కనిపిస్తుంది. వాపు వచ్చిపోతూ ఉంటుంది గానీ మడత అలాగే ఉంటుంది.

అసలు తిరకాసు కండరాల దగ్గర ఉంది. కండరాన్ని వేలికి కట్టే స్నాయువులు (మామూలు మాటల్లో నరాలనే అంటాం) వేలు తిన్నగా ఉన్నంతకాలం కీలు నడుమగా పోతాయి. వేలు కాస్త వాలిందంటే అవి పక్కకి జారి వింటినారిలా బిగుసుకుంటాయి. అప్పటిదాకా వేలిని నిలబెట్టిన కండరాలే ఇక అడుగు తీసి అడుగు వేసిన ప్రతిసారీ దాన్ని వంచుతాయి. ఎముక తల అడుగున చింతగింజల్లాంటి రెండు చిన్న ఎముకలుంటాయి, అవి కూడా గాడి తప్పుతాయి. ఒకసారి ఇక్కడిదాకా వచ్చాక వేలు తనంతట తాను వెనక్కి రాదు.

ఆముదం కాచి రాసినా, కొబ్బరినూనెతో మర్దన చేసినా, ఆకు కట్టినా జరిగేది ఏమిటో దీన్నిబట్టి తెలుస్తుంది. పై వాపు కొంత శాంతిస్తుంది, హాయిగా ఉంటుంది, అందులో తప్పేమీ లేదు. వాలిన ఎముకని మాత్రం నూనె నిలబెట్టదు. "ఎముక కరిగిస్తాం" అని అమ్మే మాత్రలకి కరిగించడానికి అక్కడ ఏమీ లేదు. పోయేది డబ్బే. పసరు కట్టు గట్టిగా బిగించి వేలిని బలవంతంగా లాగి కట్టడం మాత్రం ప్రమాదం, షుగర్ ఉన్నవాళ్ళకి మరీను.

బొటనవేలు నడకలో పెద్ద కూలీ. అడుగు ఎత్తేటప్పుడు బరువులో పెద్ద వాటా అదే మోస్తుంది. అది పక్కకి తప్పుకుంటే బరువు రెండో వేలి మొదట్లోకి వెళుతుంది. అరికాల్లో అక్కడ ఆనెకాయ లేస్తుంది, రెండో వేలు కొంగమెడలా వంగి బొటనవేలి మీదికి ఎక్కుతుంది. ఆనెకాయని బ్లేడుతో కోసుకుంటూ ఏళ్ళు గడిపేవాళ్ళున్నారు. బరువు సర్దుకోనంతవరకూ అది మళ్ళీ మళ్ళీ లేస్తూనే ఉంటుంది.

వాలు ఎంతో కొలవడానికి ఎక్స్‌రే కావాలి, అదీ నిలబెట్టి తీసినది. పడుకోబెట్టి తీస్తే కాలి మీద బరువు ఉండదు కాబట్టి వాలు తక్కువగా కనిపిస్తుంది. చిన్న ఊళ్ళలో చాలా ఎక్స్‌రేలు పడుకోబెట్టే తీస్తారు, అడిగి నిలబడి తీయించుకోవడం నయం. పొడుగాటి ఎముకకీ వేలికీ మధ్య కోణం 15 డిగ్రీల లోపు ఉంటే మామూలు. 20 దాకా కొద్దిపాటిది, 20 నుంచి 40 దాకా మధ్యస్థం, 40 దాటితే తీవ్రం. ఈ అంకెకీ నొప్పికీ లెక్క కుదరాలని లేదు. 35 డిగ్రీలు వాలిన కాలితో హాయిగా సంతకి వెళ్ళి వచ్చేవాళ్ళుంటారు, 18 డిగ్రీలకే నిద్రపట్టనివాళ్ళూ ఉంటారు.

చెప్పుదా తప్పు, పుట్టుకదా

ఈ విషయంలో ప్రపంచానికి దొరికిన సాక్ష్యం చిత్రంగా ఉంటుంది. 1958లో హాంకాంగ్‌లో చైనావాళ్ళ పాదాలు పోల్చి చూశారు. జోళ్ళు వేసుకునేవాళ్ళలో 33 శాతం మందికి బొటనవేలు వాలి ఉంది, వేసుకోనివాళ్ళలో 2 శాతం లోపే. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో మధ్యయుగాల సమాధుల్లోంచి తీసిన 177 మంది అస్థిపంజరాల మీద 2021లో వచ్చిన పరిశోధన ఇంకా ముచ్చటైనది. 11 నుంచి 13వ శతాబ్దం దాకా బతికినవాళ్ళలో ఈ వంకర 6 శాతానికే ఉంది. 14వ శతాబ్దంలో మొన తేలిన జోళ్ళ మోజు మొదలయ్యాక అది 27 శాతానికి ఎగబాకింది. పల్లెటూరి శ్మశానంలో 3 శాతం, ధనవంతుల్నీ సన్యాసుల్నీ పాతిన మఠం ఆవరణలో 43 శాతం. సన్యాసులకి కూడా ఫ్యాషన్ తప్పలేదన్నమాట.

ఇది చదివి నేరమంతా చెప్పు మీదికి తోసేయడం సులువే. కానీ ఒకే కొట్లో ఒకే రకం జోళ్ళు కొన్న అక్కచెల్లెళ్ళలో ఒకరికి వస్తుంది, ఇంకొకరికి రాదు. తల్లికో అమ్మమ్మకో ఉన్న ఇళ్ళలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. దిగేది బుడిపె కాదు, పాదం తీరు: కీళ్ళు వదులుగా ఉండటం, అరికాలు చదునుగా ఉండటం, ఎముక తల గుండ్రంగా ఉండటం. రుమటాయిడ్ కీళ్ళవాతం ఉన్నవాళ్ళలోనూ వేళ్ళు ఇలా వాలతాయి. పుట్టుకతో వచ్చిన పాదాన్ని ఇరుకు జోడు వంచుతుందని చెప్పడమే సరైన మాట. జోడు లేకపోతే ఆ పాదం జీవితాంతం తిన్నగానే నడిచిపోయి ఉండొచ్చు.

పలు దేశాల సర్వేలు కలిపి 2010లో వేసిన లెక్క ప్రకారం 18 నుంచి 65 ఏళ్ళ మధ్యవాళ్ళలో 23 శాతం మందికి, 65 దాటినవాళ్ళలో దాదాపు 36 శాతం మందికి ఈ వంకర ఉంది. ఆడవాళ్ళలో ఎక్కువ. ఆ అంకెని ఉన్నదున్నట్టు తెచ్చి రాయగడ కొండమీది గూడేనికి అతికించకూడదు. బరంపురం పట్టు నేసే గుంట మగ్గం మీద కూర్చున్న మనిషి పొద్దస్తమానం వట్టి కాళ్ళతో తొక్కుతాడు. అదే పట్టు అమ్మే కొట్లో నిలబడే అమ్మాయి మొన జోళ్ళలో పది గంటలు గడుపుతుంది. ఊరు ఒకటే, చీర ఒకటే, రెండు పాదాల బతుకు మాత్రం వేరు.

పిల్లల సంగతి విడిగా చెప్పుకోవాలి. 1992లో మణిపాల్ డాక్టర్లు 2,300 మంది పిల్లల పాదముద్రలు పరీక్షించారు. జోళ్ళు వేసుకునే పిల్లల్లో చదునుపాదం 8.6 శాతం, వేసుకోనివాళ్ళలో 2.8 శాతం. వేళ్ళు మూసేసే బూట్లలో మరీ ఎక్కువ. అది చదునుపాదం లెక్కే గానీ బుడిపెది కాదు. అయినా లేత పాదం దాన్ని బిగించిన అచ్చులోకే పోతుందని అది చెప్పకనే చెబుతుంది. జూన్‌లో కొన్న నల్ల బూట్లు జనవరికి బిగుతైతే "ఇంకో మూడు నెలలే కదా" అని లాగించే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. పదీ పదకొండేళ్ళ ఆడపిల్లల్లో మొదలయ్యే వంకర్లు ఉంటాయి, అమ్మమ్మ కాలు కూడా అలాంటిదైతే ఆ మూడు నెలలు లాగకపోవడం మంచిది.

అలాగని వట్టి కాళ్ళతో నడవమని చెప్పడం తెలివితక్కువ. ముల్లు, గాజుపెంకు, కొంకిపురుగు, వానాకాలం పొలంగట్టు మీద పాము, ఇవన్నీ బుడిపె కన్నా పెద్ద ప్రమాదాలు.

అన్నీ ఇదే కాదు

బొటనవేలి మొదట్లో నొప్పి అంటే అందరికీ ముందు యూరిక్ యాసిడ్ గుర్తొస్తుంది. యూరిక్ యాసిడ్ పెరిగి వచ్చే గౌట్ నిజంగానే అక్కడే ఎక్కువగా మొదలవుతుంది. కానీ అది రాత్రికి రాత్రి వస్తుంది. పడుకునేటప్పుడు బాగున్న వేలు తెల్లవారుజామున నిప్పులా కాలుతూ, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనట్టు ఉంటుంది. బుడిపె ఏళ్ళ మీద వస్తుంది, చెప్పు విప్పితే ఉపశమిస్తుంది. రెండూ ఒకే కాలికి ఉండటమూ ఉంది. వేలు వాలకుండా కీలు మాత్రం బిగుసుకుపోయి పైకి వంగకపోతే అది అరుగుదల, దారి వేరు. పొద్దున్నే లేవగానే చేతివేళ్ళు కూడా పట్టేస్తుంటే రుమటాయిడ్ కోసం రక్తపరీక్ష అవసరం. చిటికెన వేలి మొదట్లో బయటివైపు వచ్చే బుడిపెకి ఇంగ్లీషులో దర్జీ పేరే పెట్టారు. నేలమీద బాసింపట్టు వేసుకుని కుట్టేవాళ్ళకి పాదం బయటి అంచు నేలకి ఒత్తుకునేదని ఆ పేరు.

నొప్పి ఉండాల్సినచోట లేకపోవడం అన్నిటికన్నా అనుమానించాల్సిన సంగతి. బుడిపె మీద పుండు పడినా తెలియకపోతే షుగర్ వల్లో, కుష్టు వల్లో నరాలు మొద్దుబారి ఉండొచ్చు. ఒడిశాలో కుష్టు కేసులు ఇంకా వస్తూనే ఉన్నాయి, మందు ఉచితం. స్పర్శ లేని పాదాల కోసం మెత్తటి రబ్బరు అడుగుతో చేసే చెప్పులున్నాయి, ఎంసీఆర్ చెప్పులంటారు. అలాంటి కాలికి ముందు కావాల్సింది అవే, ఆపరేషన్ మాట తర్వాత.

ముందు జోడు మార్చాలి

ఒక పాత పేపరు నేలమీద పరిచి, సాయంత్రం పూట దానిమీద నిలబడి, పాదం చుట్టూ పెన్నుతో గీత గీయించుకోవాలి. సాయంత్రం ఎందుకంటే పగలంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది. కూర్చుని గీస్తే లెక్క తప్పుతుంది, బరువు పడినప్పుడే పాదం పరుచుకుంటుంది. ఆ గీత మీద రోజూ వేసుకునే జోడు పెట్టి చూస్తే చాలామంది నోరు తెరుస్తారు. రెండు పక్కలా గీత బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. అంటే రోజూ అంత మేర పాదాన్ని మడిచి లోపల కుక్కుతున్నట్టు. కొనేటప్పుడు ఆ పేపరు కొట్టుకి తీసుకెళ్తే నంబరు అడగక్కర్లేదు, ఎలాగూ కంపెనీకో నంబరు. పొడుగు వేలికీ జోడు కొసకీ మధ్య చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ, వేళ్ళు కదిపితే కదిలే వెడల్పు, ఎత్తు తక్కువ మడమ, ఈ మూడూ ఉంటే చాలు.

కొత్తవి కొనే స్తోమత లేకపోతే బజారు మూల చెప్పులు కుట్టే ఆయన చాలా చేయగలడు. తోలు జోడుని తడిపి, కర్ర అచ్చు మీద బుడిపె వచ్చేచోట సాగదీస్తాడు. చెప్పు పట్టీ సరిగ్గా బుడిపె మీదుగా పోతుంటే విప్పి అరంగుళం వెనక్కి కుడతాడు. పేరున్న కంపెనీ ఆర్థోపెడిక్ చెప్పులకన్నా ఒక్కోసారి ఇదే ఎక్కువ సుఖం. హవాయి చెప్పు పాదాన్ని బిగించదు గానీ దాన్ని పట్టుకోవడానికి వేళ్ళు కొక్కెంలా వంచి నడవాల్సి వస్తుంది. ఇంట్లోకి సరే, రోజంతా నిలబడే పనికి వెనక పట్టీ ఉన్న వెడల్పాటి చెప్పు నయం.

వేళ్ళ మధ్య పెట్టుకునే సిలికాన్ ముక్కలు, రాత్రిపూట కట్టుకునే పట్టీలు ఆన్‌లైన్‌లో కుప్పలుగా దొరుకుతాయి. వేళ్ళు ఒరుసుకోకుండా ఆపుతాయి, మెట్టె పుండున్నవాళ్ళకి బాగా పనికొస్తాయి. "నెలలో వేలు తిన్నగా అవుతుంది" అనే ప్రకటన మాత్రం నమ్మకూడదు. కట్టుకున్నంతసేపు తిన్నగా ఉంటుంది, విప్పితే యథాస్థానం. నొప్పి ముదిరినప్పుడు ఐసు, నాలుగు రోజులు నొప్పి మాత్ర, విశ్రాంతి పనిచేస్తాయి. మాత్రని అలవాటు చేసుకుంటే కిడ్నీ, కడుపు రెండూ దెబ్బతింటాయి. పాదం చదునుగా ఉన్నవాళ్ళకి జోడు లోపల పెట్టే ఆసరా అట్ట కొంత తేలిక ఇస్తుంది. ఫిన్లాండ్‌లో 209 మందిని మూడు జట్లుగా చేసి, ఒక జట్టుకి ఆపరేషన్, ఒక జట్టుకి అట్ట, మూడో జట్టుకి ఏమీ చేయకుండా గమనించిన పరిశోధన 2001లో వచ్చింది. ఆరు నెలలకి అట్ట వాళ్ళకి నొప్పి తగ్గింది, ఏడాదికి ఆపరేషన్ వాళ్ళే ముందున్నారు.

కత్తి దాకా వస్తే

జోడు మార్చి, కొన్ని నెలలు చూసి, అప్పటికీ నడక నొప్పిగా ఉంటేనే ఆపరేషన్ ఆలోచన. పెళ్ళి ఫొటోల్లో కాలు అందంగా పడాలని చేయించుకోవడం తప్పుడు లెక్క. నొప్పి లేని కాలిని కోస్తే కొత్త నొప్పి తెచ్చుకునే అవకాశమే ఎక్కువ.

బుడిపెని చెక్కేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది వాలిన గోడకి సున్నం వేసినట్టు. అసలు పని ఎముకని కోసి, జరిపి, తిన్నగా నిలబెట్టి, స్క్రూతోనో తీగతోనో బిగించడం. ఇందుకు నూరుకి పైగా పద్ధతులు పుట్టాయి. ఒక జబ్బుకి అన్ని పద్ధతులున్నాయంటే ఏ ఒక్కటీ అందరికీ సరిపోలేదనే అర్థం. వాలు కొద్దిగా ఉంటే ఎముక తల దగ్గర ఆంగ్ల వి ఆకారంలో కోసి జరుపుతారు, దాన్ని షెవ్రాన్ అంటారు. ఇంకొంచెం ఎక్కువైతే ఎముక నడుమ జెడ్ ఆకారంలో కోసే స్కార్ఫ్. ఆ ఎముక మొదట్లో ఉన్న కీలే వదులైతే దాన్ని అతికేసే లాపిడస్. కీలు బాగా అరిగిపోతే వేలి కీలునే కలిపేస్తారు. ఏది చేస్తారో, ఎందుకు అదే చేస్తున్నారో డాక్టరు నిలబెట్టి తీసిన ఎక్స్‌రే మీద చూపించి చెప్పగలగాలి. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, విశాఖలో కేజీహెచ్ రెండింట్లోనూ ఎముకల విభాగాలున్నాయి. పాదాల ఆపరేషన్లు తరచూ చేసే సర్జన్ ఎవరో వాకబు చేసి వెళ్ళడం మంచిది.

ఉచిత వైద్యం కార్డుల సంగతి ముందే తేల్చుకోవాలి. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి అమలవుతున్నాయి. పాతపట్నం గేటు దాటి శ్రీకాకుళం వెళ్తే ఆంధ్రా వైద్యసేవ కార్డు ఒడిశా కుటుంబాలకి వర్తించదు. ఆయుష్మాన్ మాత్రం జాబితాలో ఉన్న ఆస్పత్రుల్లో రాష్ట్రం దాటినా చెల్లుతుంది. ఈ ఆపరేషన్‌కి ఆ ఆస్పత్రిలో ప్యాకేజీ ఉందా అని చేరకముందే కౌంటర్‌లో అడగాలి.

డాక్టరు అడిగే ప్రశ్నల్లో ఒకదానికి ఈ ప్రాంతంలో తరచూ తప్పు జవాబు వస్తుంది. "సిగరెట్ తాగుతారా" అంటే ముసలమ్మలు లేదనే అంటారు, అది నిజమే. శ్రీకాకుళం, గంజాం వైపు చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు వాళ్ళ లెక్కలో పొగతాగడం కాదు. పొగాకు ఏ రూపంలో పోయినా రక్తనాళాలు కుంచించుకుపోతాయి, కోసిన ఎముక అతకడం ఆలస్యమవుతుంది. పక్కన కూర్చున్న కొడుకో కోడలో ఆ మాట చెప్పాలి. షుగర్ అదుపులో లేకపోయినా, కాళ్ళలో రక్తప్రసరణ తక్కువైనా ఆపరేషన్ వాయిదా వేయాల్సిందే.

తర్వాత దాదాపు ఆరు వారాలు మడమ మీదే బరువు వేసే ప్రత్యేక జోడుతో నడవాలి. ఇక్కడి ఇళ్ళలో అది చెప్పినంత తేలిక కాదు. నేల మీద కూర్చుని లేవడం, నేలబారు దొడ్డి, రెండూ వేళ్ళ మీదే బరువు వేస్తాయి. కమోడ్ కుర్చీ ఒకటి ముందే చూసుకోవాలి. వానలో కుట్లు తడిస్తే చీము పట్టే భయం ఉంటుంది. ఆషాఢ శ్రావణాల్లో నాట్లకి దిగాల్సిన ఆడవాళ్ళు కోతలయ్యాక, ఎండలు ముదరకముందు పెట్టుకుంటే బురద బాధ తప్పుతుంది. రెండు కాళ్ళూ ఒకేసారి చేయించుకుంటే ఇంట్లో ఇంకో మనిషి రెండు నెలలు కట్టుబడి ఉండాలి. కొందరికి ఏళ్ళ తర్వాత వేలు మళ్ళీ కొంత వాలుతుంది, కొందరికి కీలు బిగుసుకుంటుంది లేదా వేలి పక్క తిమ్మిరి మిగులుతుంది. ఆపరేషన్‌కి ముందే సంతకం పెట్టే కాగితంలో ఇవి ఉంటాయి, చదివించుకుని పెట్టాలి.

వాపు పూర్తిగా తగ్గడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. మెట్టెలు ఆపరేషన్‌కి ముందే తీసేయాలి, తీయకపోతే వాచిన వేలి మీంచి కత్తిరించాల్సి వస్తుంది. తీసినవి కంసాలికి ఇచ్చి, అడుగున తెరిపి ఉండేట్టు కొంచెం వదులుగా మార్పించి, కాలు వాపు తగ్గి వెడల్పాటి జోడులో హాయిగా పట్టేదాకా దేవుడి గూట్లో పెట్టుకోవచ్చు.